పెళ్లి లేని పెళ్లి కేకు

లిక్ ఫోర్క్, కెంటకీ
ఫిబ్రవరి 12, 2016

హాసీ అత్తయ్యకు,

నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఒహాయో చలికి మన కొండల చలికంటే పొగరెక్కువని నువ్వే రాశావు, మేజోళ్లు రెండు జతలు వేసుకో. ఫోను చేద్దామంటే ఈ లోయలో సిగ్నలు చర్చి మెట్ల మీద తప్ప దొరకదు. దొరికినా నీకు సగం మాటలే వినపడతాయి, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకని ఉత్తరమే మేలు.

నాకు ఉద్యోగం వచ్చింది అత్తయ్యా! మన లిక్ ఫోర్క్ బడిలోనే. బడికీ ఇళ్లకీ మధ్య తిరుగుతూ తల్లిదండ్రులకి బడి సంగతులు చెప్పాలి, వాళ్ల మాట బడికి చేరవేయాలి. మా ఆయన లానీ ట్రక్కెక్కి వెళ్లాడంటే వారాలకొద్దీ ఇంటికి రాడు, నాకూ ఊరికే కూర్చుంటే తోచదు. నాన్న మాత్రం సంతోషించలేదు. "అంటే జీతమిచ్చి మరీ చాడీలు మోయిస్తారన్నమాట" అన్నాడు.

మొదటి పనిలోనే బోర్లా పడ్డాను. మన బడికి వాషింగ్టన్ నుంచి 'టైటిల్ వన్' అని కొంత డబ్బు వస్తుంది. ఏ బడిలో తక్కువ రాబడి ఉన్న ఇళ్ల పిల్లలు ఎక్కువో ఆ బడికి ఇస్తారు. ఆ డబ్బు ఎందుకొస్తుందో, దేనికి ఖర్చవుతుందో పెద్దవాళ్లని పిలిచి చెప్పాలి, వాళ్ల అభిప్రాయం అడగాలి. అది చట్టం. నేను రంగు కాగితాల మీద పిలుపులు పంపి, జిమ్‌లో కుర్చీలు వేయించి, కాఫీ కాచి కూర్చున్నాను. వచ్చింది ముగ్గురు. చర్చి పాస్టరు బ్రదర్ ఎస్టిల్ వాన పడుతుంటే లోపలికొచ్చాడు. బడి ఊడ్చేవాడు బకెట్టు కోసం వచ్చాడు. మూడో మనిషి నాన్న. "బీన్స్ చల్లారిపోతున్నాయి, ఇంటికి రా" అని చెప్పడానికి వచ్చాడు.

నవ్వులాటకే అయితే నీకు రాసేదాన్ని కాదు. వెల్మా టీచరు చదువు గది గురించి రాశాను కదా? క్లాసులో వెనకబడ్డ పిల్లల్ని నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని చదవడం నేర్పిస్తుంది. మా అమ్మాయి ఐవలీ మూడో తరగతికొచ్చినా ఒక వాక్యం పూర్తిగా చదవలేకపోయేది, నీకు తెలుసు. ఇప్పుడు తాతకి విత్తనాల పొట్లాల మీద రాసిందీ దాణా బస్తాల మీద రాసిందీ చదివి వినిపిస్తోంది. నాన్నకి కళ్లలో పొర వచ్చాక ఐవలీయే ఆయన కళ్లు. వెల్మా టీచరు జీతం ఈ టైటిల్ వన్ డబ్బులోంచే. జిల్లా ఆఫీసువాళ్లేమో వచ్చే ఏడాది నుంచి ఆ గది తీసేసి, కంప్యూటర్లో చదువు చెప్పే ప్రోగ్రామేదో కొందామంటున్నారు. మార్చి 31న ఇంకో మీటింగు ఉంది. అప్పుడు కూడా ఎవరూ వచ్చి నోరు విప్పకపోతే వాళ్లనుకున్నదే జరుగుతుంది.

ఆ పిలుపులతోపాటు బడి, ఇల్లు, పిల్ల ఎవరేం చేయాలో రాసిన ఒప్పందం కాగితం కూడా ఇంటింటికీ పంపాం. చదివి, మార్చాల్సింది మార్చమని చెప్పి, సంతకం చేసి తెమ్మన్నాం. ఒక్కటీ రాలేదు. లోయంతా నాన్న ఎటు చూస్తే అటు చూస్తుంది. ఆయనేమో తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. ఈ భూమ్మీద ఆయన వినేది నీ మాట ఒక్కటే. ఒక్క ఉత్తరం ముక్క రాయవూ?

నీ మేనకోడలు,
మార్లెట్టా


హామిల్టన్, ఒహాయో
ఫిబ్రవరి 20, 2016

మార్లెట్టా,

నీ ఉత్తరం చదివి కాఫీ ఒళ్లో ఒలకబోసుకున్నాను. తక్కువ రాబడి ఇళ్లా? ఏ ఇల్లు? మన ఇల్లా? నువ్వు పుట్టకముందు ఆ లోయలో ఆవు లేని ఇల్లు లేదు, తలుపుకి తాళం వేసే ఇల్లూ లేదు. ఎవరో వాషింగ్టన్‌లో కూర్చుని మన పిల్లకి పేదపిల్ల అని ముద్ర వేస్తే నువ్వు కాఫీ కాచి మరీ వేయించుకుంటున్నావా? దాని డెస్కుకి చీటీ అంటిస్తారా, మెడలో బిళ్ల కడతారా?

దానికి ఏం కావాలో నాకు రాస్తే సరిపోయేదిగా! ఇవాళే పోస్టులో ఒక డబ్బా పంపించాను. మూడు జతల బూట్లు, ఒక ఎర్ర కోటు, నా చేత్తో అల్లిన టోపీ ఉన్నాయి. ఇక మీ వాషింగ్టన్ దొరని వేరే పని చూసుకోమను.

ఇక ఆ సంతకం సంగతి. అసలు ఆ మాట ఎలా రాయగలిగావే నాకు? ఎనోస్ తాత కథ నీకు మీ నాన్న చెప్పలేదా? మా తాతకి అప్పటికి పాతికేళ్లు. గుర్రబ్బగ్గీలో బొగ్గు కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు, మంచి మాటలు చెప్పాడు, పిల్లలకి మిఠాయి పెట్టాడు. కాగితం తీసి "నేల మీకే ఉంటుంది, నేల కింద ఉన్నదే మాకు కావాలి" అన్నాడు. ఇంట్లో ఎవరికీ చదువు రాదు. తాత ఇంటూ గుర్తు పెట్టాడు. నేను ఒహాయో వచ్చిన కొన్నేళ్లకి బుల్డోజర్లు వచ్చాయి. బొగ్గు కోసం కూరగాయల మడి పోయింది, బావి పోయింది, యాపిల్ తోట పోయింది. ఇదేమిటని అడిగితే ఆ కాగితం చూపించారు. ముసలాయన వాకిట్లో కుర్చీ వేసుకుని అంతా చూశాడట. ఆ కుర్చీలోంచి మళ్లీ సరిగా లేవలేదు.

అందుకని నువ్వు అడిగినట్టే మీ నాన్నకి ఉత్తరం రాశాను. గట్టిగానే రాశాను. నీకిక దిగులక్కర్లేదు.

చలి బాగానే ఉంది. పక్కింటావిడ కుక్క నా గులాబీ మొక్క మళ్లీ తవ్వింది.

మీ అత్త,
హాసీ


లిక్ ఫోర్క్
మార్చి 2

అయ్యో అత్తయ్యా, ఎంత పని చేశావు!

నేను సంతకం చేయమని చెప్పమన్నాను, నువ్వు చేయొద్దని రాశావా? నాన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆదివారం చర్చికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక మెట్ల మీద నిలబడి ఐవలీ చేత చదివించాడు. ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా చదివింది, 'కాగితం తెచ్చినవాడి చెయ్యి నరకండి' అన్న ముక్క దగ్గర మరీ గొంతెత్తి చదివింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వెల్మా టీచరు నేర్పిన చదువు వెల్మా టీచరు మెడకే చుట్టుకుంది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సోమవారం కాగితాలన్నీ తిరిగొచ్చాయి. ఒక్కదాని మీదా సంతకం లేదు. ఒకటి కోడిగుడ్లు చుట్టుకుని వచ్చింది. ఇంకోదాని వెనక "ప్రిన్సిపల్ నోబుల్ గారు చిక్కిపోయారు, వంట చేసిపెట్టే మనిషి లేక కాబోలు" అని రాసి ఉంది. మనవాళ్లు మంచివాళ్లే అత్తయ్యా. గుడ్లిస్తారు గానీ సంతకం ఇవ్వరు.

నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. నన్ను "కంపెనీ మనిషి" అంటున్నాడు. అది కూడా నాతో కాదు, ఐవలీతో. "ఆ కంపెనీ మనిషిని రొట్టె ఇటు జరపమను" అంటాడు. మిగతావాళ్లు ఏమన్నా దులిపేసుకుంటాను గానీ, ఆ మాట మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది.

నీకు సరిగ్గా చెప్పనిది నేనే. ఇప్పుడు నిదానంగా చదువు. ఆ డబ్బు ఏ ఇంటికీ రాదు, ఏ పిల్ల చేతికీ రాదు, బూట్లకీ కోట్లకీ కాదు. బడికి వస్తుంది, చదువుకే ఖర్చవుతుంది. మన బడిలో అలాంటి పిల్లలు సగానికి పైనే కాబట్టి డబ్బు బడి మొత్తానికి వాడతారు. ఎవరికీ చీటీ లేదు, బిళ్ల లేదు. కౌంటీ, రాష్ట్రం ఇచ్చేది ఇస్తూనే ఉండాలి, ఇది దాని పైన వచ్చేది. ఇది వచ్చింది కదా అని అది తగ్గించడానికి వీల్లేదు. ఎలా ఖర్చు పెడతారో అడిగే హక్కు మనకుంది, మా పిల్లకి పాఠం చెప్పే టీచరు ఏం చదువుకుందో చెప్పండి అని అడిగే హక్కూ ఉంది. పైగా అది ఎవరి డబ్బనుకున్నావు? తాళాల ఫ్యాక్టరీలో నువ్వు ముప్పై ఏళ్లు పనిచేశావు కదా, ప్రతి జీతంలోంచీ వాషింగ్టన్ కోసుకున్న పన్ను ఎక్కడికి పోయిందనుకున్నావు? ఐవలీ చదువులో నీ కష్టం కూడా ఉంది. ధర్మం చేసేవాళ్లెవరు ఇక్కడ, పుచ్చుకునేవాళ్లెవరు?

బూట్లు మూడు జతలూ ఐవలీకి చిన్నవైపోయాయి. ఎర్ర కోటు మాత్రం వేసుకుని పడుకుంటోంది. వెల్మా టీచరు నీ టోపీ చూసి, ఇలాంటి అల్లిక మా ఐసీ అమ్మమ్మ అల్లేదని ముచ్చటపడింది.

నీ
మార్లెట్టా


హామిల్టన్
మార్చి 6

మార్లెట్టా,

ఐసీ మనవరాలా? మా ఐసీ? మొదటే చెప్పొద్దూ! నువ్వు 'వెల్మా టీచరు, వెల్మా టీచరు' అంటుంటే ఎవరో లెక్సింగ్టన్ పట్నం నుంచి ఎత్తు మడమల చెప్పులేసుకుని వచ్చినావిడ అనుకున్నాను. ఆ టోపీ అల్లిక నాకు నేర్పింది ఐసీయే. మేమిద్దరం ఒకే దుప్పటి కప్పుకుని బడికి వెళ్లేవాళ్లం. ఆవిడ మనవరాలి పొట్ట కొడతారా వాళ్లు? కంప్యూటరు పెడతారా ఐసీ మనవరాలి కుర్చీలో? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు.

నేను రాసింది తప్పని మాత్రం అనుకోకు. కాగితం చూస్తే భయపడటం మన రక్తంలో ఉంది, ఉండాలి కూడా. చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టకూడదు. కానీ నువ్వు చెప్పిన పన్ను మాట నాకు నచ్చింది. ముప్పై ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో నిలబడే పనిచేశాను. ఈ మోకాళ్లు అరిగింది ఐవలీ కోసమా? ముందే తెలిస్తే ఇంత తిట్టుకునేదాన్ని కాదు.

ఇక అసలు సంగతి విను. నువ్వు పిలిచిన పిలుపే తప్పు. మన లోయలో 'మీటింగు' అంటే ఏమిటి? గని మూసేస్తున్నారని చెప్పడానికి పిలిస్తే మీటింగు. వరదొస్తుందని చెప్పడానికి పిలిస్తే మీటింగు. మీటింగుకి వెళ్లి నవ్వుతూ ఇంటికొచ్చినవాణ్ణి నా జన్మలో చూడలేదు. పైగా ఉత్త కాఫీయా? మీ అమ్మ ఉంటే నీ చెవి మెలిపెట్టేది.

పొరల కేకు పెట్టు. ఒక్కో ఇంటినీ ఒక్కో పొర కాల్చి తెమ్మను. పలచగా, గట్టిగా, జొన్న పాకం వేసి, అమ్మమ్మలు చేసినట్టు. మధ్యలో రాసే యాపిల్ గుజ్జు నేను పంపిస్తాను, పోయిన ఏడు ఎండబెట్టిన ముక్కలు ఉన్నాయి. మనవాళ్లు తినడానికి రమ్మంటే మొహమాటపడతారు, తెమ్మంటే పరిగెత్తుకొస్తారు. తన పొర ఎక్కడ పెట్టారో చూసుకోకుండా ఏ ఆడదీ ఇంట్లో కూర్చోదు.

మీ నాన్నకి మళ్లీ రాయను. ఇప్పుడు మాట మారిస్తే నన్ను కూడా కొనేశారంటాడు. వాడి సంగతి కేకు చూసుకుంటుంది.

హాసీ అత్త


లిక్ ఫోర్క్
మార్చి 16

అత్తయ్యా,

నీ కేకు కొంప ముంచింది.

ప్రిన్సిపల్ నోబుల్ గారిని అడిగాను. టైటిల్ వన్ డబ్బుతో జనానికి విందులు పెట్టడానికి వీల్లేదట, ఇళ్లవాళ్లే తెచ్చుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు. సరేనని ఇంటింటికీ వెళ్లి, "31న సాయంత్రం బడికి ఒక్కో పొర తీసుకురండి, కలిపి కేకు పెడదాం" అన్నాను. అందరూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారా అని నాకు అనుమానం రావాల్సింది.

రెండ్రోజుల తర్వాత పోస్టాఫీసులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్లకి మంచిమాట విన్నామే! ఆ పిల్ల కూడా ఎంతకాలమని ఒంటరిగా ఉంటుంది?" అంది. ఏ పిల్ల అన్నాను. "దాస్తావేం? వెల్మా. ప్రిన్సిపల్ గారితో" అంది.

మన లోయలో ఇంటికో పొర తెచ్చే కేకు పెళ్లికే చేస్తారు కదా అత్తయ్యా! ఆ సంగతి నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయాను. బడిలో పొరల కేకు అనేసరికి బడిలో పెళ్లికాని మనుషులెవరా అని లెక్కేసుకున్నారు. నలభై నిండిన వెల్మా టీచరు, యాభై దగ్గరపడ్డ నోబుల్ గారు దొరికారు. ఆయన చిక్కిపోయాడని ముందే కాగితం మీద రాసిచ్చారాయె!

కాదని ఎంత చెప్పినా వినరు. "పెళ్లి కాదు, టైటిల్ వన్ మీటింగు" అంటే, "అలాగేలే, అలాగేలే" అని కన్ను గీటుతున్నారు. నేను కాదనేకొద్దీ నిజమేనని గట్టిపడుతోంది. నిన్న నాన్న తన నల్లకోటు తీసి ఎండలో వేశాడు, అమ్మ పోయిన రోజు వేసుకున్న కోటు. "తాతా, ఎక్కడికి?" అని ఐవలీ అడిగితే, "ఐసీ మనవరాలి పెళ్లికి. కంపెనీ మనిషి మీటింగుకి కాదు" అన్నాడు.

ఇప్పుడేం చేయను? జిల్లా ఆఫీసు నుంచి ప్రెస్‌నెల్ అనే ఆయన కూడా వస్తున్నాడు. పెళ్లి లేదని తెలిసి అందరూ ఆయన ముందే లేచి వెళ్లిపోతే, చదువు గది ఆ సాయంత్రమే మూతపడ్డట్టు.

మార్లెట్టా


హామిల్టన్
మార్చి 21

పిచ్చిపిల్లా,

నువ్వు కాదని చెప్పావు కదా, నీ బాధ్యత తీరింది. ఇక నోరు మూసుకో. జనం రావడం ముఖ్యం, ఎందుకొచ్చారన్నది వచ్చాక చూసుకోవచ్చు. నా పెళ్లికి సగం మంది మా ఆయన కొత్త కారు చూడటానికి వచ్చారు. అలాగని పెళ్లి ఆగిందా?

యాపిల్ గుజ్జు రెండు సీసాలు పంపాను. ఒకటి దారిలో పగిలితే రెండోదాంతో సర్దుకోండి. అందులోనే రెండు దిండు గలీబులు ఉన్నాయి, అంచుకి నీలం పువ్వులు కుట్టాను. అవి వెల్మాకి. పెళ్లి లేదని తెలుసు. ఐసీ బతికుంటే కుట్టేది కాబట్టి కుట్టాను.

ఇంకో మాట. మాట్లాడాల్సి వస్తే పెద్ద పెద్ద మాటలు వాడకు. కేకు చూపించి చెప్పు.

హాసీ


లిక్ ఫోర్క్
ఏప్రిల్ 8

హాసీ అత్తయ్యకు,

ఎక్కడ మొదలుపెట్టను? నువ్వు ఇక్కడ లేకపోవడం నీ దురదృష్టం.

నీ సీసాలు రెండూ పగలకుండా వచ్చాయి. 31న సాయంత్రం అయిదింటికే జిమ్ నిండిపోయింది. వేసిన కుర్చీలు చాలక భోజనాల గదిలోంచి బెంచీలు తెచ్చాం. మగవాళ్లందరూ గడ్డం గీసుకుని వచ్చారు! ఆడవాళ్లందరి చేతుల్లోనూ గుడ్డ కప్పిన పళ్లేలు ఉన్నాయి. ఒక్కో పొరా పెట్టి, గుజ్జు రాసి, పైన ఇంకోటి పెడుతూ పోతే కేకు పదమూడు పొరలై కాస్త చర్చి వైపు ఒరిగింది. బ్రదర్ ఎస్టిల్ బైబిలు పట్టుకుని మొదటి బెంచీలో కూర్చున్నాడు, పెళ్లి తనే జరిపించాలి కదా. ప్రెస్‌నెల్ గారు తలుపు దగ్గర నిలబడి, "మీ ఊళ్లో టైటిల్ వన్ అంటే ఇంత శ్రద్ధా!" అని నోరెళ్లబెట్టాడు.

"పెళ్లికూతురేదీ?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. వెల్మా టీచరు అప్పుడే చేతిలో సుద్దముక్కతో గదిలోంచి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను చెవిలో చెబితే ఒక్క క్షణం నోబుల్ గారి వంక చూసి, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు అత్తయ్యా. చెవుల దాకా ఎర్రబడి టై సర్దుకున్నాడు.

"పెళ్లి లేదు" అన్నాను. ఒక్కసారిగా గోల. "మరి నా పొర?" అని ఒకావిడ లేచింది. అప్పుడు నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది, కేకు దగ్గరికి వెళ్లాను.

"ఈ కింది పొరలు చూడండి. ఇవి కౌంటీ, రాష్ట్రం అన్ని బడులకీ పెట్టేవి. పైన ఈ రెండు పొరలు వాషింగ్టన్ పెట్టేవి, రాబడి తక్కువ ఇళ్లు ఎక్కువున్న చోట పెడుతుంది. పైది వచ్చింది కదా అని కిందిది లాగేయకూడదు. లాగితే ఏమవుతుందో చూస్తున్నారుగా" అన్నాను. నవ్వారు. "ఇందులో పేదపిల్ల ముక్క, ఉన్నపిల్ల ముక్క అని వేరేగా ఉండవు. కోస్తే అందరికీ అన్ని పొరలూ వస్తాయి. ఈ పై పొర కూడా ఎవరో జాలిపడి వేసింది కాదు. గనిలో మీరు దిగినప్పుడు మీ జీతంలోంచి కోసింది. తాళాల ఫ్యాక్టరీలో నిలబడ్డ మా హాసీ అత్తయ్య జీతంలోంచి కోసింది. మధ్యలో ఏ గుజ్జు రాయాలో మిమ్మల్ని అడగాలని చట్టం. అది అడగడానికే పిలిచాను. వెల్మా టీచరు గది ఉంచమంటారా, కంప్యూటరు తెమ్మంటారా?"

అందరి తలలూ నాన్న వైపు తిరిగాయి. ఆయన ఆ నల్లకోటులో నిటారుగా లేచి నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ముందు ఆ కాగితంలో ఏముందో విననీయండి. ఐవలీ, ఇలా రా" అన్నాడు.

ఐవలీ ఎర్ర కోటు వేసుకుని బెంచీ ఎక్కి ఒప్పందం మొత్తం చదివింది. బడి ఏం చేస్తానంటోంది, ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేయాలి, పిల్ల ఏం చేయాలి. 'బాధ్యత' అన్న మాట దగ్గర ఆగింది. వెల్మా టీచరు పెదవులు కదిలాయి గానీ మాట అందించలేదు. పిల్ల కూడబలుక్కుని తనే చదివేసింది. చదవడం అయ్యాక నాన్న, "బడి కూడా మాటిస్తోందా ఇందులో? మళ్లీ చదువు ఆ ముక్క" అన్నాడు. ఐవలీ మళ్లీ చదివింది.

"మా తాత గుర్తు పెట్టిన కాగితంలో ఇచ్చింది అంతా మేమే. కంపెనీ ఒక్క మాటా ఇవ్వలేదు" అన్నాడు నాన్న. తర్వాత ప్రెస్‌నెల్ గారి వైపు తిరిగాడు. "అయ్యా, మీరు కొత్తవారు, కథ క్లుప్తంగా చెబుతాను. తాత బొగ్గు కంపెనీ కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టిన రోజు మా ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. ఒక్కరికి చదువొచ్చినా, బొగ్గు కోసం పోయిన బావి ఇవాళ్టికీ మాదే. ఈ పిల్ల పోయినేడు చదవలేదు, ఈ ఏడు చదువుతోంది. కంప్యూటరు మంచిదే కావచ్చు. నాకు తెలియదు. ఈ టీచరమ్మ చేసింది మాత్రం నా చెవులతో విన్నాను. ఈ గది తీసేస్తే మళ్లీ మమ్మల్ని ఇంటూ గుర్తు దగ్గరికే పంపినట్టు."

అత్తయ్యా, నాకు ఏడుపాగలేదు. నాకే కాదు, ఊడ్చేవాడు కూడా ముక్కు తుడుచుకున్నాడు. ప్రెస్‌నెల్ గారు పుస్తకం తీసి, "నిదానంగా చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. ఇక ఒక్కొక్కరూ లేచారు. మా వాడు ఇలా, మా పిల్ల ఇలా అని చెబుతూనే ఉన్నారు. ఆయన కేకు మూడు ముక్కలు తిన్నాడు, నాలుగోది జేబురుమాల్లో కట్టుకెళ్లాడు. మొన్న మంగళవారం దీన్ని తేల్చే బడి కౌన్సిల్ కూర్చుంది. చదువు గది ఉంటుంది! వెల్మా టీచరు ఉంటుంది!

సంతకాల సంగతి చెప్పలేదు కదూ. నాన్న, "ముందు బడి పెట్టాలి" అన్నాడు. నోబుల్ గారు అందరి ముందూ పెట్టాడు. తర్వాత ఐవలీ తన పేరు రాసింది. ఆ తర్వాత నాన్న కలం తీసుకుని, కాగితం కళ్లకి ఆనించుకుని చాలాసేపు రాశాడు. సంతకానికి అంతసేపేమిటని చూస్తే, పేరు కింద ఇంకో వాక్యం ఉంది: 'ఈ సంతకంతో మా నేల కింద ఉన్నదేదీ ఎవరికీ ఇవ్వడం లేదు.'

తర్వాత వచ్చినవాళ్లు ఆ వాక్యం చూసి, అదే పద్ధతి కాబోలనుకుని, అందరూ అదే రాశారు. ఇప్పుడు మన బడి ఒప్పందాలన్నిటి మీదా అదే ఉంది. ప్రెస్‌నెల్ గారు జిల్లా ఆఫీసులో వాటిని ఎలా సమర్థిస్తాడో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక నాన్న బల్ల ముందు కూర్చుని, "బీన్స్ వడ్డించవమ్మా, బడి మనిషీ" అన్నాడు. నాతోనే అన్నాడు, ఐవలీతో కాదు.

కింద ఐవలీ రాస్తానంటోంది. నేను సాయం చేయలేదు.

నీ
మార్లెట్టా

హాసీ నాయనమ్మా నేను ఐవలీని. కోటు బాగుంది. కేకులో నీ గుజ్జు బాగుంది. పన్నులో నీ పొర ఉందని అమ్మ చెప్పింది థాంక్యూ. నువ్వు ఉత్తరాలు కొంచెం పెద్ద అక్షరాలతో రాయి తాతకి చదివేటప్పుడు నా కళ్లు నొప్పి.


హామిల్టన్
ఏప్రిల్ 14

మార్లెట్టా,

ముందుగా ఒక సంగతి: ఇదంతా నా కేకు వల్ల జరిగింది. నీ జవాబులో ఆ ముక్క ఎక్కడా కనపడలేదు, మర్చిపోయి ఉంటావు.

గలీబుల గురించి రాయలేదేం? వెల్మాకి ఇచ్చావా? నోబుల్ చెవులు ఎర్రబడ్డాయని రాశావు. నీకు కళ్లున్నాయి గానీ బుర్ర లేదు. యాపిల్ ముక్కలు ఇంకో సంచీడు ఉన్నాయి, నానబెట్టనా వద్దా అన్నది ఒక్క ముక్క రాయి చాలు.

మీ నాన్న ఆర్విల్ రాసిన వాక్యం చదివి ఎంత నవ్వానంటే పక్కింటావిడ గోడ తట్టింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ ఒక్క వాక్యం కోసం మా ఇల్లు నూట పదేళ్లు ఆగింది. మా తాతకి రాయడం వచ్చి ఉంటే రాసేది అదే.

పక్కింటావిడ కొడుకు మే నెలాఖరులో ఆ దారినే వెళ్తున్నాడట, నన్ను దింపుతానన్నాడు. సమాధులకి పూలు పెట్టే రోజుకి వస్తున్నాను, మోకాళ్లు ఏమన్నా సరే. నా మంచం కిటికీ పక్కన వేయించు. ఆర్విల్‌ని గడ్డి కోసి ఉంచమను.

ఆ ఒప్పందం కాగితం నకలు ఒకటి అట్టేపెట్టు. ఎనోస్ తాత సమాధి దగ్గర ఐవలీ నిలబడి దాన్ని మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదవాలి, కింద మీ నాన్న రాసిన వాక్యంతో సహా. ఆయనకి ఎవరూ ఏ కాగితమూ చదివి వినిపించలేదు.

ఐవలీకి చెప్పు, ఈ ఉత్తరం పెద్ద అక్షరాలతోనే రాశాను.

హాసీ